క్లయింటుకు మొయినాబాద్ చూపించిన వైనం

ఐటీ మంచి ఊపు మీదున్న ఆ రోజుల్లో మా కంపెనీలో ఒక నియమం ఉండేది. క్లయింటు ఏది అడిగినా, అది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నట్టు, బీరువాలోంచి తీసివ్వడమే ఆలస్యమన్నట్టు మొహం పెట్టాలి. లేని సాఫ్ట్‌వేరును కూడా మేం ఈ మొహంతోనే అమ్మేవాళ్లం. కాబట్టి డెన్మార్క్ నుంచి వచ్చిన క్లయింటు ప్రతినిధి ఒకావిడ మీటింగులో, "నేను ఇక్కడ ఏడాది ఉండబోతున్నాను. ఈ ప్రాంతపు అసలైన జీవితం, రంగురంగుల సంస్కృతి ఎక్కడ చూడొచ్చు?" అని అడిగినప్పుడు మా మేనేజరు రవ్వంత కూడా తడబడలేదు.

"మొయినాబాద్‌లో," అన్నాడు. "మా టీమ్ లీడ్ అక్కడే ఉంటుంది. ఆ ఊరి గురించి ఆవిడకు తెలియనిది లేదు."

ఆ తెలియనిది లేని మనిషిని నేనే.

నేను మొయినాబాద్‌లో ఉండే మాట నిజమే. నిజం అక్కడితో సరి. మాది గోదావరి జిల్లా. మా ఆయనా నేనూ ఉద్యోగాల కోసం హైదరాబాదు వచ్చి, కొన్నేళ్లు కిరాయి ఇళ్లు మారి మారి, చివరికి "నగరానికి దూరంగా, ప్రకృతి ఒడిలో" అని బ్రోచరులో రాసి ఉన్న చోట విల్లా కొన్నాం. ఆ వెంచర్‌కు ఇటలీలోని ఏదో ఊరి పేరు పెట్టారు. దాన్ని పలకడం వాచ్‌మన్‌కు రాదు, మాకూ రాదు. గేటు దగ్గర ఫౌంటెన్ ఉంది, దాంట్లో నీళ్లకు బదులు ఎండుటాకులు ఉంటాయి. ప్రకృతి ఒడి అంటే అదే అయ్యుండాలి. పొద్దున్నే కంపెనీ క్యాబు వచ్చి నన్ను ఎత్తుకుపోయేది, చీకటి పడ్డాక తెచ్చి దించేది. మొయినాబాద్ గురించి నాకు తెలిసిందల్లా మెయిన్ రోడ్డు మీది పెట్రోలు బంకు, వీసాల కోసం మావాళ్లంతా ప్రదక్షిణలు చేసే గుడికి వెళ్లే మలుపు, మా వెంచర్ ప్రహరీ గోడ. గోడ అవతల ఊరుందని అప్పుడప్పుడు వినిపించే డప్పుల వల్ల తెలిసేది. ఆ చప్పుడు గురించి మా అసోసియేషన్ రెండుసార్లు ఫిర్యాదు కూడా చేసింది. అసోసియేషన్ సెక్రటరీ మా ఆయనే.

క్లయింటావిడను మొదట మా క్లబ్ హౌసులో జరిగిన 'కల్చరల్ ఈవెనింగ్'కు తీసుకెళ్లాను. పిల్లలు సినిమా పాటలకు డాన్సు చేశారు. ఒక స్టాల్లో పిజ్జా, ఇంకో స్టాల్లో నూడుల్స్ పెట్టారు. ఆవిడ పెద్ద మనసుతో ప్రతి పాటకూ చప్పట్లు కొట్టింది. తర్వాత నూడుల్స్ ప్లేటు పట్టుకుని, "ఆ గోడ అవతల ఏముంది?" అని అడిగింది.

"ఊరు," అన్నాను.

"మరి ఇది?"

"ఇది వెంచర్."

ఆవిడ తలూపింది. ఆ తలూపడం నాకు అస్సలు నచ్చలేదు.

వారం తిరగకుండా ఆవిడ కంపెనీ ఇచ్చిన గెస్ట్ హౌస్ ఖాళీ చేసి, గోడ అవతలి ఊళ్లో ఒక ఇంటి మేడ మీద గది కిరాయికి తీసుకుంది. భాష రాకుండా ఎలా మాట్లాడుకుందో దేవుడికెరుక. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని నిద్రపోతున్నట్టు నటించిందట, ఇంటావిడ వేలితో మేడ చూపించిందట, అంతే. ఇంతమాత్రం పనికి మా కంపెనీలో ఒక డిపార్ట్‌మెంటే ఉంది. మేనేజరు కంగారుపడి నన్ను పిలిచాడు. "రోజూ సాయంత్రం వెళ్లి చూసిరా. నువ్వు నేటివ్ స్పీకర్‌వి. ఇంటర్‌ప్రెటర్‌గా ఉండు," అన్నాడు.

అలా గోడ అవతలికి మొదటిసారి, జీతం ఇచ్చి పంపిస్తే, వెళ్లాను.

ఆ ఇల్లు ఒక అవ్వది. కొడుకు శంకర్‌పల్లిలో ఏదో పని చేసేవాడు, కోడలు పొద్దున్నే పూలతోటకు కూలికి పోయేది. పగలంతా ఆ ఇంట్లో అవ్వదే రాజ్యం. నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. పక్కనే డెన్మార్క్ ఆవిడ కూడా, ఎవరో బాకీ ఉన్నంత శ్రద్ధగా, చిక్కుడుకాయలు తుంచుతోంది.

"నమస్కారం మామ్మగారూ," అన్నాను.

"మామ్మ ఎవరే? అవ్వ అను," అంది. "నువ్వు యాడుంటవ్ బిడ్డా?"

వెంచర్ పేరు చెప్పాను. అర్థం కాలేదు. రెండో వరసలో, ఫౌంటెన్ దాటాక, మెడిటరేనియన్ మోడల్ విల్లా అని వివరించాను.

అవ్వ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "పెద్ద బండ పక్కకా?"

"ఆఁ, రాయి ఒకటి ఉంది. దాని మీద మావాళ్లు లైట్లు పెట్టారు."

"మా కంది చెల్కల ఉన్నవన్నట్టు," అని మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది.

లక్షణంగా చిరునామా రాయించుకున్న ఇల్లు ఒక్క మాటతో కంది చేనైపోయింది. దీన్ని ఇంగ్లీషులో చెప్పమని క్లయింటావిడ నా వైపు చూసింది. "మా వెంచర్ బాగుందంటోంది," అన్నాను.

నా దుబాసీ ఉద్యోగం అలా మొదలైంది. అది ఎంత గొప్పగా సాగిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఒక ఆదివారం పొద్దున అవ్వ క్లయింటావిడకు జొన్నరొట్టె, అరటిపండు, గిన్నెలో మామిడికాయ పచ్చడి పెట్టింది. "తొక్కు గూడ తినుమను, మంచిగుంటది," అంది నాతో. మా వైపు తొక్కంటే పండు ఒలిచి పారేసేది. ఏం చెయ్యను, నేను నేటివ్ స్పీకర్‌ని. "తొక్కతో సహా తినమంటోంది, ఒంటికి మంచిదట," అని అనువదించాను. ఆవిడ అరటిపండును ఒలవకుండా కొరికింది. నమిలింది. మింగింది కూడా.

"ఓ అవ్వల్లో! పండు తోలుతోని తింటున్నదేందే!" అని అవ్వ గుండెలు బాదుకుంది.

ఇక్కడ తొక్కంటే పచ్చడని అవ్వ కోడలు లోపల్నుంచి వచ్చి చెప్పేదాకా నాకు తెలీదు. క్లయింటావిడ మాత్రం, "పీచు పదార్థం ఎక్కువగా ఉంటుంది, మంచి ఆచారం," అని మెచ్చుకుంది. ఆవిడకు అన్నీ మంచి ఆచారాలే. పశువుల పాకను చూసి 'వైబ్రెంట్' అంది, గోడల మీది పేడ పిడకలను చూసి 'వైబ్రెంట్' అంది. ఒకసారి ఆ మాటకు అర్థమేమిటని అవ్వ అడిగితే, "మీ ఊరు కళకళలాడుతోందంటోంది," అన్నాను.

"కళ యాడున్నది? పొద్దుగాల సంది నల్లా వస్తలేదు. గది ఎందుకు వస్తలేదో అడుగు దొరసానిని, సదువుకున్నది గదా," అంది అవ్వ.

ఆవిడ ఊరిని చూడ్డానికి వచ్చింది కానీ, నిజానికి ఊరే ఆవిడను తీరుబడిగా చూసింది. సాయంత్రమైతే ఆడవాళ్లు అరుగు మీద చేరేవాళ్లు. ఆవిడ బట్టలు ఎలా ఆరేస్తుంది, జుట్టుకు నూనె ఎందుకు పెట్టదు, టీలో పాలు ఎందుకు పోసుకోదు, అన్నీ పరిశోధించేవాళ్లు. ప్రశ్నలు నా ద్వారా వెళ్లేవి.

"పెండ్లి అయిందా?" అన్నది మొదటి ప్రశ్న.

అయిందట, విడిపోయారట అని చెప్పాను.

"ఎవలు ఇడిసిపెట్టిండ్రు? ఈమెనా, ఆయననా?"

అడిగాను. నా పదేళ్ల ఉద్యోగంలో క్లయింటును ఎవరూ అడగని ప్రశ్న అది. ఆవిడ నవ్వి, "నేనే," అంది.

అవ్వ ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుని, "మంచి పని చేసినవ్ బిడ్డా. సతాయించినోన్తోని ఎంతకాలం ఉంటం," అంది. అతను సతాయించాడని ఆవిడ చెప్పలేదు. ఆ మాటను నేను అనువదించలేదు కూడా. అయినా ఆవిడ కళ్లు తుడుచుకుంది. అప్పటినుంచి నా అవసరం వాళ్లిద్దరికీ తగ్గిపోయింది. నేను మాత్రం రోజూ వెళ్లేదాన్ని. మేనేజరు నా అప్రైజల్‌లో 'కల్చరల్ బ్రిడ్జ్' అని రాస్తానన్నాడు మరి.

ఆషాఢం వచ్చింది. బోనాలకు కొత్త కుండ కొనాలని అవ్వ చేవెళ్ల అంగడికి బయల్దేరింది. క్లయింటావిడ తనూ వస్తానంది. అంగడంటే దుకాణమనుకుని నేను హ్యాండ్ బ్యాగూ, హై హీల్సూ వేసుకుని తయారయ్యాను. బస్సు దిగాక తెలిసింది, మేం సంత అనేదాన్నే వీళ్లు అంగడంటారని. చేవెళ్ల రోడ్డు పక్కన, ముందు రోజు వానకు నానిన నేల మీద, టమాటాలు, క్యారెట్లు, గుట్టలుగా బంతిపూలు. నా చెప్పుల మడమలు ఒక్కో అడుగుకూ భూమిలోకి దిగబడుతున్నాయి. నన్ను నేను పీక్కుంటూ నడిచాను.

క్లయింటావిడ మెడలో కెమెరా ఉంది. ఆవిడ ఒక ఫొటో తీసేలోపు ఆవిడ ఫొటోలు పది మంది తీశారు. కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఎవరో చంటిపిల్లను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, ఫొటో తీసుకుని, పిల్లను తిరిగి తీసుకోవడం మర్చిపోయి క్యారెట్ల బేరంలో పడ్డారు. కుండల దగ్గర ఆవిడకు రంగులు పూసిన కుండ నచ్చింది. అవ్వ మట్టి కుండలు ఒక్కొక్కటీ వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, పక్కన పెడుతోంది.

"ఆ రంగుల కుండ అసలైనది కదా?" అని ఆవిడ నన్నడిగింది.

నేను ఆ మాట అవ్వకు చెప్పాను. "గది పట్నపోళ్లకు," అంది అవ్వ, తల తిప్పకుండానే. "ఇంట్ల పెట్టుకొని సూస్తరు."

మా హాల్లో టీవీ పక్కన అచ్చం అలాంటిదే ఉంది. దీన్నీ అనువదించలేదు.

కుండల పక్కన ఆకుకూరలు అమ్మే ముసలాయన మా సంభాషణంతా శ్రద్ధగా విన్నాడు. చివరికి నన్ను పిలిచి, "దొరసాని మాట సమజైతలేదంటే ఒక లెక్క. నీ మాట గూడ సమజైతలేదేందమ్మా? నువ్వే దేశం?" అన్నాడు.

తెలుగే మాట్లాడుతున్నానని కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన నన్ను ఓదార్చేట్టుగా తలూపి, కొత్తిమీర కట్ట ఒకటి ఊరికే చేతిలో పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అవ్వ కుండను ఒళ్లో పెట్టుకుని మోకాళ్లు ఒత్తుకుంటోంది. నొప్పా అని క్లయింటావిడ సైగ చేసింది. అవ్వ నాతో చెప్పింది: "పోచమ్మ గుడి మీ గోడ ఎన్కాల ఉన్నది బిడ్డా. ఎనుకట చెల్కల నుంచి గిట్ల పోతే గుడి వచ్చేది. ఇప్పుడు మీరు ఎన్కాల గేటు పెట్టి తాళం ఏసిండ్రు. బోనం ఎత్తుకొని పెద్ద సడక్ మీదికెల్లి సుట్టు తిరిగి పోవాలె. లారీలు మస్తు ఉరుకుతయ్. పోయినేడు ఒక పిల్లను లారీ తగిలిచ్చి పాయె. చెయ్యి ఇరిగింది."

ఇది మాత్రం తప్పు పోకుండా అనువదించాను. ఎక్కడా నాకు తెలియని మాట లేదు.

"గేటు ఎందుకు తెరవరు?" అని క్లయింటావిడ అడిగింది.

"సెక్యూరిటీ రీజన్స్."

"ఎవరు నిర్ణయిస్తారు?"

"అసోసియేషన్ సెక్రటరీ."

"ఆయన్ను నేను కలవొచ్చా?"

"కలవొచ్చు," అన్నాను. "రాత్రికి మా ఇంట్లోనే భోంచేస్తారు ఆయన."

ఇంట్లో విషయం చెబితే మా ఆయన ముందు నవ్వారు. ఊరివాళ్లు మూడేళ్లుగా అడుగుతున్నారట. సర్పంచి వచ్చి అడిగాడట, వార్డు మెంబరు అడిగాడట, ఒకసారి ఎవరో పెద్దమనిషి ఫోను కూడా చేయించాడట. గేటు వంక కూడా చూడనివ్వలేదు మావాళ్లు. దుమ్ము, శబ్దం, తోటలో గడ్డి పాడవడం, ఆస్తుల విలువ, ఇలా బోలెడు కారణాలు. "ఎవరడిగారన్నావ్?" అన్నారు మళ్లీ.

"మా క్లయింటు."

ఆయన నవ్వు ఆగింది. ఆయనకూ క్లయింట్లున్నారు. "అడిగింది క్లయింటైతే ఎలా కాదంటాం?" అన్నారు.

మర్నాడే అత్యవసర సమావేశం పెట్టారు. డెన్మార్క్ దేశస్థురాలు మన సంప్రదాయాలను దగ్గరగా చూడాలని ముచ్చటపడుతోందని మా ఆయన గంభీరంగా ప్రకటించగానే, గడ్డి గురించి ప్రతిసారీ గొంతు చించుకునే ఆయనతో సహా అందరికీ సంప్రదాయం మీద ప్రేమ పొంగుకొచ్చింది. కొన్ని షరతులు మాత్రం పెట్టారు. డప్పులు నెమ్మదిగా కొట్టాలి. పసుపు నేల మీద పడకూడదు. గేటు దగ్గర ప్రతి ఒక్కరూ పేరు రాయించుకోవాలి.

నెమ్మదిగా కొట్టే డప్పును అప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు. ఇప్పటికీ చూసి ఉండరు.

బోనాల ఆదివారం అందరికంటే ముందు పోతరాజు వచ్చాడు. ఒళ్లంతా పసుపు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా. గేటు దగ్గర మా ఆయన పుస్తకం, పెన్ను పట్టుకున్న వాచ్‌మన్‌తో నిలబడ్డారు. ఆ వాచ్‌మన్‌దీ ఆ ఊరే. పోతరాజు వేషం వేసినతను అతనికి సొంత బామ్మర్ది. అయినా రూల్ రూలే.

"పేరు?" అన్నాడు వాచ్‌మన్, తలెత్తకుండా.

"పోతరాజు."

"ఎవలింటికి?"

"అమ్మోరింటికి."

"విల్లా నంబర్?"

పోతరాజు కొరడా ఝళిపించాడు. ఆ ఝళిపింపు వాచ్‌మన్ చెవి పక్కనుంచి పోయింది. మా ఆయన వెంటనే, "సరే సరే, పోనివ్వు," అన్నారు. పేర్ల నమోదు కార్యక్రమం అంతటితో ముగిసింది.

తర్వాత డప్పులు వచ్చాయి. ఫౌంటెన్‌లో ఆకులు కదిలాయంటే అతిశయోక్తి అనుకోవద్దు. డప్పుల వెనక వరసగా ఆడవాళ్లు. తలల మీద పసుపు కుంకాలు పెట్టిన కుండలు, వేపకొమ్మలు, పైన దీపాలు. అవ్వ ముందుంది. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో, మెడ కూడా వంచకుండా నడుస్తోంది. పక్కన డెన్మార్క్ ఆవిడ పసుపు చీర కట్టుకుని, కుచ్చిళ్లు ఊడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫొటోలు తీస్తోంది. మావాళ్లు బాల్కనీల్లోకి వచ్చి వీడియోలు తీశారు. దిగి రావడానికి ఎవరికీ చెప్పులు దొరకలేదు కాబోలు.

మా అత్తగారి గురించి ఇప్పటిదాకా చెప్పలేదు. ఆవిడ గోదావరి జిల్లా నుంచి వచ్చి మా దగ్గరే ఉండేవారు. ఆవిడ ఉన్నారన్న సంగతి నాకు గుర్తుకొచ్చేది తక్కువ, ఎందుకంటే ఆవిడ మాట్లాడేది తక్కువ. "ఇక్కడ మనిషి అలికిడే లేదు," అని వచ్చిన కొత్తలో అనేవారు. తర్వాత అదీ మానేశారు. బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదుటి విల్లా గోడ చూస్తూ కూర్చునేవారు. ప్రశాంతత అలవాటు పడిందని మేం సంతోషించాం.

డప్పులు మా వీధిలోకి తిరిగాయి. మా ఇంటి తలుపు ధడాలున తెరుచుకుంది. మా అత్తగారు ఇత్తడి చెంబులో పసుపు నీళ్లతో, కాళ్లకు చెప్పుల్లేకుండా, ఆవిడ వయసు మనిషి నడవకూడని వేగంతో వీధిలోకి వచ్చారు. మా ఆయన, "అమ్మా, అమ్మా," అంటున్నారు. ఆవిడ వినలేదు. నేరుగా అవ్వ ముందుకు వెళ్లి, చెంబులో నీళ్లు ఆవిడ పాదాల మీద పోసి, "చల్లగా చూడు తల్లీ," అని దణ్ణం పెట్టారు. పసుపు నేల మీద పడింది.

ఆవిడకు ఇదంతా ఎవరు చెప్పారో నాకు అర్థం కాలేదు. తర్వాత అడిగితే, "చెప్పేదేముందే? మన ఊళ్లో అమ్మవారి గరగలు తలమీద ఎత్తుకొస్తే నీళ్లు పొయ్యమూ?" అన్నారు. మా ఊళ్లో గరగలు ఎత్తుకొస్తారని నాకు తెలీదు. నేను చిన్నప్పటినుంచీ హాస్టల్లో చదువుకున్నదాన్ని.

అవ్వ తల కదపకుండా, కళ్లు మాత్రం దించి ఆవిడను చూసింది. "యాడిదానివమ్మా?"

"గోదావరి."

"ఇన్నొద్దులు మా చెల్కలనే ఉన్నవ్ గదా. కనవడకపోతివి."

"లోపలుంటున్నానమ్మా," అన్నారు మా అత్తగారు. "రా, పోదాం," అని అవ్వ పక్కన నడవడం మొదలుపెట్టారు. ఒకరి మాట ఒకరికి అర్థమవుతుందా అని నన్ను ఎవరూ అడగలేదు.

గుడి దగ్గరికి మా మేనేజరు కూడా వచ్చాడు. క్లయింటు సంతోషంగా ఉందో లేదో స్వయంగా చూడాలని, ఆ రోజు కోసమే కొన్న తెల్ల కుర్తా వేసుకుని వచ్చాడు. పోతరాజు ఆప్యాయంగా కౌగిలించుకున్నాక ఆ కుర్తా తెల్లగా లేదు. తర్వాత యాటను, అంటే మేకపోతును, కోసే సమయానికి, పరమ శాకాహారి అయిన ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరూ చెయ్యని కాల్ మాట్లాడుకుంటూ కారు దాకా పరిగెత్తాడు. డెన్మార్క్ ఆవిడ కదల్లేదు. "మా తాత ఊళ్లో పందిని కోసేవాళ్లు," అని మామూలుగా చెప్పి, మధ్యాహ్నం అవ్వ ఇంట్లో కూర్చుని మటన్ కూర రెండుసార్లు వడ్డించుకుని తింది. అప్పటికి నెలలుగా నేను ఆవిడను పాపం అమాయకురాలనుకుంటున్నాను. ఆ పూట నాకే కాస్త చిన్నతనమనిపించింది. అయినా నేను పెరుగన్నం మాత్రమే తిన్నాను.

ఏడాది పూర్తయ్యాక ఆవిడ వెళ్లిపోయింది. వెళ్లేముందు అవ్వకు స్వెటరొకటి ఇచ్చింది. మొయినాబాద్ ఎండల్లో దాన్ని ఎప్పుడు వేసుకోవాలో చెప్పలేదు. అవ్వ ఆవిడకు తొక్కు జాడీ ఇచ్చింది. విమానంలో దాని మూత ఊడిందనీ, సూట్‌కేసులో బట్టలన్నీ నూనె మయమయ్యాయనీ, అయినా మిగిలింది తిన్నాననీ ఆవిడ మెయిల్ పెట్టింది. మేనేజరు ఆ మెయిలును ప్రెజెంటేషన్‌లో పెట్టుకున్నాడు. మా వెంచర్ వాళ్లు కూడా ఊరుకోలేదు. కొత్త ఫేజు బ్రోచరులో బోనాల ఊరేగింపు ఫొటో వేసి, కింద 'సంస్కృతి మీ గుమ్మంలోకి' అని రాశారు. గుమ్మంలోకి వచ్చినవాళ్ల మొహాలు కత్తిరించి, కుండలు మాత్రం ఉంచారు.

మరుసటి ఆషాఢం వచ్చింది. అసోసియేషన్ నోటీసు బోర్డు మీద, 'భద్రతా కారణాల రీత్యా వెనక గేటు మూసి ఉంచబడును' అని కాగితం అంటించారు. కింద మా ఆయన సంతకం.

"నేనేం చెయ్యను?" అన్నారు నేను అడిగితే. "పోయినేడాదంటే క్లయింటుంది. ఈసారి ఏ కారణం చెప్పను వాళ్లకి?"

మా అత్తగారు ఆ మాట విన్నారు. ఈ ఏడాదిలో ఆవిడ రోజూ సాయంత్రం అవ్వ అరుగు మీదికి వెళ్లొస్తున్నారు. ఉల్లిపాయను ఉల్లిగడ్డ అనడం, నన్ను 'జర పైలం' అని హెచ్చరించడం కూడా నేర్చుకున్నారు.

బోనాల ఆదివారం పొద్దున మా ఆయనా నేనూ సరుకులు కొనుక్కుని కార్లో తిరిగొస్తున్నాం. మా మలుపుకు కాస్త ముందు చేవెళ్ల రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు లారీలు, బస్సులు. డప్పులు వినిపిస్తున్నాయి. మా ఆయన హారన్ మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు. "అందుకే చెబుతాను, వీళ్లకి రోడ్డు సెన్స్ లేదని," అంటూ కారును పక్కకు లాగి, లారీల సందులోంచి ముందుకు దూర్చారు.

ఊరేగింపు పక్కకు వచ్చేసరికి హారన్ మీదున్న చెయ్యి దానంతటదే లేచిపోయింది.

బోనం ఎత్తుకున్న ఆడవాళ్ల వరసలో, అవ్వ పక్కన, మా అత్తగారు ఉన్నారు. ఆవిడ పెళ్లినాటి పట్టుచీర కట్టుకున్నారు. తల మీద కుండ, కుండ మీద దీపం. ఒక చెయ్యి కుండకు ఆసరా. ఆవిడకు మూరెడు దూరంలోంచి, అటు వైపునుంచి వస్తున్న ఇసుక లారీ ఒకటి దడదడలాడుతూ దూసుకుపోయింది. ఆవిడ అడుగు తడబడింది. అవ్వ చెయ్యి చాచి ఆవిడ భుజం పట్టుకుంది.

మా ఆయన కారు తలుపు తీసుకుని కిందికి దూకారు. "అమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

"గుడికి పోతున్నాను."

"రోడ్డు మీదా? ఇంత ట్రాఫిక్‌లో?"

"మీ గేటు మూశారుగా నాయనా."

"కారెక్కు ముందు. కుండ నేను పట్టుకుంటాను."

"మధ్యలో దించకూడదు. నువ్వు తప్పుకో," అన్నారావిడ, తల తిప్పకుండా.

అవ్వ జాలిగా ఆయన వైపు చూసింది. "కొడుకా, జర బండి పక్కకు పెట్టు. నీ ఎన్కాల లారీలు ఆగినయ్."

మా ఆయన కారెక్కారు. మా మలుపులోకి తిప్పారు. సీటు బెల్టు కూడా పెట్టుకోలేదు. నేరుగా వెంచర్‌కు వెళ్లి, తాళాల గుత్తి తెచ్చి, వెనక గేటు తానే తీశారు. తుప్పు పట్టిన గేటది. తోస్తే కదల్లేదు. వాచ్‌మన్ పరుగున వచ్చి, "సార్, రూల్?" అన్నాడు.

గడ్డి గురించి గొంతు చించుకునే ఆయన కూడా అప్పటికే వచ్చేశాడు. "కమిటీ తీర్మానం లేకుండా ఎలా తెరుస్తారు మీరు?"

"మా అమ్మ ఈ వెంచర్ నివాసి," అన్నారు మా ఆయన, గేటును భుజంతో నెడుతూ. "ఇంటికి వస్తోంది. నివాసి తనతో అతిథులను తెచ్చుకోవచ్చని మన రూల్సులోనే ఉంది."

"ఎంతమంది అతిథులు?"

"ఊరంతా."

వాచ్‌మన్ ఈసారి పుస్తకం తీయలేదు. గేటుకు రెండో పక్క భుజం ఆన్చాడు. నేను మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తి, గేటు తెరిచారని అవ్వకు చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నా మాట అర్థం కాలేదేమో అనుకుని ఇంకోసారి చెప్పాను. "అర్థమైంది బిడ్డా," అని పోతరాజును కేకేసింది. డప్పులు మలుపు తిరిగాయి.

ఆ తర్వాతి అసోసియేషన్ ఎన్నికల్లో మా ఆయన చిత్తుగా ఓడిపోయారు. ఆ గడ్డి ఆయనే గెలిచాడు. అయితే అప్పటికి ఆ గేటు గొళ్లెం విరిగిపోయింది. దాన్ని బాగు చేయించడానికి కొటేషన్లు తెప్పించాలని ప్రతి సమావేశంలో తీర్మానిస్తారు. మా వెంచర్‌లో తీర్మానించిన పనులు ఎంత వేగంగా జరుగుతాయో ఫౌంటెన్‌ను చూస్తే తెలుస్తుంది.

గేటు తెరిచిన ఆ ఆదివారం సాయంత్రం మా అత్తగారి కాళ్లు వాచిపోయాయి. హాల్లో సోఫా మీద కాళ్లు చాపుకుని పడుకున్నారు. అవ్వ వచ్చి ఆవిడ పక్కనే సోఫా మీద కూర్చుని, కొబ్బరినూనె రాసి పాదాలు ఒత్తుతోంది. ఇద్దరూ ఎవరి పోకడలో వాళ్లు, ఎవరి తెలుగులో వాళ్లు, ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. మా ఆయన వంటింట్లోకి వెళ్లారు. డబ్బాలు తీసి మూసిన చప్పుడు చాలాసేపు వినిపించింది. పంచదార ఎక్కడుంటుందని అడగడానికి మొహమాటపడినట్టున్నారు. చివరికి రెండు కప్పుల టీ తెచ్చి వాళ్ల ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అవ్వ ఒక గుక్క తాగి, కప్పు దించింది.

"చక్కెర తక్కువాయె కొడుకా," అంది.

మా ఆయన కప్పు తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లారు.